గ్రామ గ్రంథాలయములో కిటికీల విద్య

గత సంవత్సరము మేము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోయినపుడు పంచాయతీ గ్రంథాలయములో ఒక మూల గుడ్డ కప్పియున్న కంప్యూటరును చూచితిమి. అది పనిచేయునా అని అడుగగా, గ్రంథాలయమును చూచుకొను పెద్దమనిషి "పని చేస్తుందండీ, దానితో మాకే పని లేదు" అని బదులు చెప్పెను. ఆ దినముననే ఆ ఊరి యువకుడొకడు మా వద్దకు వచ్చి, తాను పట్టణములోని ఒక శిక్షణ సంస్థలో ఆరు మాసములు కంప్యూటరు ప్రోగ్రాము రచన నేర్చుకొంటినని చెప్పి ధ్రువపత్రమును చూపెను. రుసుము కట్టుటకు అతని తండ్రి పాడి గేదెను అమ్మెనట. సర్పంచిగారు ఆమె సహజమైన సూటిదనముతో "ఏదైనా ఒకటి చేసి చూపించు బాబూ, మేమూ చూస్తాం" అనిరి. అతడు తల వంచుకొని "నోట్సు రాయించారండీ. మెషీను మీద చేసింది తక్కువ" అనెను.

ఒకే ఊరిలో, నూరు గజముల దూరములో, పనిలేని యంత్రమొకటి, యంత్రము లేని విద్యార్థి ఒకడు! గేదెను అమ్మి కొన్న విద్యకు కావలసిన సాధనములలో చాలా భాగము రుసుము లేకయే లభించునవియేనని ఆ తండ్రికి చెప్పువారు ఆనాడు ఎవరును లేకపోయిరి. అట్టి సలహా చెప్పగల స్థానములో నున్నవారు పంచాయతీ సభ్యులే కనుక, ఈ విషయమును వారి ముందుంచుచున్నాము. సభ్యులు స్వయముగా ప్రోగ్రాములు వ్రాయనక్కరలేదు. ఏ సాధనము మంచిదో, ఏది కాలము చెల్లినదో, ఎవరి మాట నమ్మదగినదో గుర్తించు పాటి పరిచయము చాలును.

కిటికీ ప్రోగ్రాము అనగా నేమి?

కంప్యూటరు తెరపై ఒక చతురస్రము తెరచుకొనును. అందులో పేరు వ్రాయుటకు ఒక గడి, నొక్కుటకు ఒక మీట, ఎంచుకొనుటకు ఒక జాబితా ఉండును. మౌసుతో నొక్కినచో పని జరుగును. ఇట్టి వానిని కిటికీ ప్రోగ్రాములని చెప్పుకొందము. ఫోనులో గాక, ఇంటర్నెట్టు పుటలో గాక, బల్లపైనున్న కంప్యూటరులోనే స్థాపింపబడి పనిచేయునవి ఇవి. కాలిఫోర్నియాలోని జిరాక్సు సంస్థ పరిశోధనాలయములో 1973లో ఆల్టో అను యంత్రముపై ఈ పద్ధతి రూపు దిద్దుకొన్నది. 1984లో మాకింతోష్, 1985లో విండోస్ వచ్చి దీనిని ప్రపంచమునకు అలవాటు చేసినవి.

ఇంటర్నెట్టు లేనపుడు కూడ ఇవి నడుచును. సహకార సంఘపు ఎరువుల గిడ్డంగి, పాల కేంద్రము, ఊరి బియ్యపు మిల్లు, బడిలోని పుస్తకముల బీరువా, వీనియన్నిటి లెక్కకును ఒక చిన్న కిటికీ ప్రోగ్రాము సరిపోవును. అందుచేత ఈ విద్య గ్రామమునకు పనికివచ్చునదియే.

నేర్చుకొనువానికి ఇందులో కష్టమైన మెట్టు ఒకటి కలదు. పుస్తకములలో మొదట నేర్పు ప్రోగ్రాములు పైనుండి క్రిందికి వరుసగా నడచి ఆగిపోవును. కిటికీ ప్రోగ్రాము అట్లు నడువదు. పంచాయతీ కార్యదర్శి ఉదయము వచ్చి బల్లవద్ద కూర్చుండును గదా. ఎవరు ముందు వచ్చెదరో, ఏమి అడిగెదరో ఆయనకు తెలియదు. నీటి కుళాయి ఫిర్యాదు వచ్చినచో ఒక రిజిస్టరు, జనన నమోదుకై వచ్చినచో మరియొక రిజిస్టరు తెరచును. పని ముగిసిన వెంటనే మరల ఎదురుచూచుచు కూర్చుండును. కిటికీ ప్రోగ్రాము కూడ ఇట్లే ఎదురుచూచును. ఏ మీటను నొక్కినచో ఏ పని చేయవలెనో ముందుగా చెప్పియుంచుటయే ప్రోగ్రాము వ్రాయువాని పని.

ఈ పోలికను ఇంకొంచెము సాగదీయవచ్చును. కార్యదర్శి ఒక్క అర్జీదారుని వెంట పొలమునకు పోయి మూడు గంటలు రాకపోయినచో వరుసలోని మిగిలినవారు ఏమి చేయుదురు? ఎండలో నిలబడి విసుగుకొందురు. ఒక మీట వెనుక దీర్ఘమైన పనిని పెట్టినచో కిటికీ కూడ అట్లే బిగిసిపోయి దేనికిని స్పందింపదు. కొత్తవారు దీనిని చూచి యంత్రము చెడిపోయినదని భయపడుదురు. యంత్రము చెడలేదు, గుమాస్తా పొలములో ఉన్నాడు! ఈ సంగతిని ఆరంభముననే చెప్పు పాఠము మంచి పాఠమని మా అభిప్రాయము.

మొదటి సాధనము

పరికరములు అనేకము కలవు. ఏది మొదట పట్టుకొనవలెనని యువకులు నెలల తరబడి తర్జనభర్జన పడుటను మేము చూచితిమి. గ్రామములో ఆరంభించువానికి మేము సూచించునది పైథాన్ భాష, దానితోపాటు వచ్చు టికింటర్ అను పనిముట్టు. పైథానును గైడో వాన్ రోసుమ్ అను డచ్చి దేశస్థుడు 1991లో లోకమునకు విడుదల చేసెను. టికింటరుకు ఆధారమైన టికె అనునది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన జాన్ ఔస్టర్‌హౌట్ చేసినది. రెండును ఉచితములు. విండోసు యంత్రములో పైథానును స్థాపించినపుడు టికింటర్ కూడ దానితోనే వచ్చును. ఉబుంటు వంటి లినక్సులలో మాత్రము దానిని విడిగా చేర్చుకొనవలసి యుండును. ఈ తేడా తెలియక మొదటి దినముననే నిరుత్సాహపడినవారు కలరు.

సరిగా స్థాపింపబడినదా లేదా అని తెలిసికొనుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. విండోసులో ఆజ్ఞలు వ్రాయు నల్లని కిటికీలో ఇంగ్లీషు అక్షరములతో మొదట పీ, వై అని వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డుగీత పెట్టి దానిని ఆనుకొని ఎమ్ అను చిన్న అక్షరము వ్రాసి, మరల ఖాళీ విడిచి టికింటర్ అని వ్రాసి ఎంటర్ నొక్కవలెను. ఒక చిన్న చతురస్రము వచ్చును. అందులో "నన్ను నొక్కుము" అను అర్థము వచ్చు ఇంగ్లీషు మాటలతో ఒక మీట ఉండును. నొక్కినకొలది ఆ మాటల చుట్టు ఒక్కొక్క జత కమ్ములు చేరుచుండును. అంతకు మించి అది చేయునదేమియు లేదు. అయినను ఆ గ్రంథాలయములో ఆ మీటను సర్పంచిగారితో సహా అందరును నొక్కి చూచిరి.

పాఠములు ఎక్కడ?

మొట్టమొదటి పాఠ్యగ్రంథము పైథానుతోనే లభించును. పైథాను అధికారిక గ్రంథములో ఆరంభకులకు ఒక పాఠమాల, టికింటరుపై ఒక ప్రత్యేక భాగము కలవు. దానిని మొత్తముగా దిగుమతి చేసికొని పెన్ డ్రైవులో ఉంచుకొనవచ్చును. మండల కేంద్రములో ఒకసారి ఇంటర్నెట్టు దొరికిన చాలును, తరువాత చదువుటకు అది అక్కరలేదు. దీని భాష పొడిగా నుండును. పంచాంగమును కథవలె చదువలేము గదా. వెదకుకొనుటకు ఇది, నేర్చుకొనుటకు మరియొకటి కావలెను.

ఆ మరియొకటి టికె డాక్స్ అను పేరుతో మార్క్ రోజ్‌మన్ వ్రాసిన పాఠమాల. ఇంటర్నెట్టులో రుసుము లేక చదువుకొనవచ్చును. గడులు, మీటలు, వానిని వరుసలో పేర్చు విధానము, కిటికీ ఎదురుచూచు తీరు, ఇవన్నియు క్రమముగా చెప్పబడినవి. అలెన్ మూర్ 2018లో ప్రకటించిన టికింటర్ గ్రంథము వెల పెట్టి కొనవలసినది. ఐనను అందులో ఒక విశేషము కలదు. ఆ గ్రంథమంతయు ఒకే ప్రోగ్రామును పెంచుకొనుచు పోవును. అది ఒక కల్పిత వ్యవసాయ పరిశోధనాలయములో మడులలోని మొక్కల సంఖ్యను, పూతను, కాయలను, తేమను నమోదు చేయు ప్రోగ్రాము. రైతు బిడ్డలకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము దొరకుట కష్టము. జిల్లా గ్రంథాలయ సంస్థకు వ్రాసి ఒక ప్రతిని కోరవచ్చును.

ఇవన్నియు ఇంగ్లీషులో నున్నవి. ఇదియే మనవారికి పెద్ద అడ్డంకి యని మేమెరుగుదుము. భాషాభాగము వరకు ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రణాళిక సహాయపడును. ఆచార్య కన్నన్ మౌద్గల్య నాయకత్వమున నడచిన ఈ ప్రణాళికలో పైథాన్, జావా, లినక్సు, లిబ్రె ఆఫీసు మొదలగు విషయములపై సుమారు పది నిమిషముల చొప్పున చిన్న చిన్న చలనచిత్ర పాఠములు కలవు. వానిలో పలు పాఠములు తెలుగు గొంతుతో లభించును. తెరకు ఒకవైపు పాఠము నడుచుచుండగా రెండవవైపు విద్యార్థి అదే పని చేసి చూచుట వీని పద్ధతి. ఉపాధ్యాయుడు లేని ఊరికి ఇది తగినది. ఎన్‌పీటెల్, స్వయం అను జాతీయ వేదికలలో కూడ ప్రోగ్రాము రచనపై ఉపన్యాసములు కలవు. అవి కళాశాల స్థాయివి.

అసలైన నిధి యంత్రములోనే దాగియున్నది. పైథానుతో వచ్చు ఐడిల్ అను వ్రాతబల్ల స్వయముగా టికింటరుతో కట్టిన కిటికీ ప్రోగ్రామే. దాని మూలము మొత్తము యంత్రములోనే చదువుటకు సిద్ధముగా నున్నది. తెరపై తాబేలును నడిపించి బొమ్మలు గీయించు టర్టిల్ అను భాగము కూడ టికింటరుపైననే నిలిచియున్నది. బడిపిల్లలను తాబేలుతో ఆరంభింపజేసి, రెండు మూడు వారములైన పిదప మీటలలోనికి దింపుట మంచిది.

పాఠము వయస్సు చూడవలెను

విత్తనముల సంచిపై తేదీ చూడక కొనని రైతు ఇంటర్నెట్టులోని పాఠమునకు తేదీ చూడడు. ఇందువలన కలుగు నష్టము చిన్నది కాదు. పైథాన్ రెండవ శ్రేణికి 2020 జనవరి 1తో పోషణ ఆగిపోయినది. నేడు వాడవలసినది మూడవ శ్రేణి. పాత శ్రేణికి వ్రాసిన పాఠములు మాత్రము ఇంకను దొరకుచునేయున్నవి. వానిలోని ప్రోగ్రామును చూచి వ్రాసినచో నేటి యంత్రము తప్పులు చూపును. విద్యార్థి తనకే తెలివి లేదనుకొనును.

గుర్తుపట్టుటకు రెండు ఆనవాళ్లు చెప్పెదము. టికింటర్ అను పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరము పెద్దదిగా నున్నచో అది పాత పాఠము, చిన్నదిగా నున్నచో క్రొత్తది. తెరపై మాటను చూపు ప్రింట్ అను ఆజ్ఞ పక్కన కుండలీకరణములు లేకున్నచో అదియు పాతదే. ఈ రెండును ఇంగ్లీషు అక్షరములు తెలిసిన ఏ సభ్యుడైనను చూడగలడు.

మంచి పాఠములలో సైతము తరచుగా చెప్పక వదలు విషయములు రెండు కలవు. మీటకు పని అప్పగించునపుడు పని పేరు మాత్రమే ఇవ్వవలెను. దాని పక్కన కుండలీకరణములు పెట్టినచో మీటను నొక్కకముందే పని జరిగిపోవును, తరువాత ఎంత నొక్కినను ఏమియు జరుగదు. రెండవది, గడులను పేర్చుటకు ప్యాక్, గ్రిడ్ అను రెండు పద్ధతులున్నవి. ఒకే చట్రములో రెంటిని కలుపరాదు.

ఇక నేటి యువకులు కృత్రిమ మేధ సాధనములను అడుగుట మానరు, మానవలసిన పనియు లేదు. తప్పు ఎక్కడ వచ్చినదో తెలుగులోనే విడమరచి చెప్పగలవు. కాని అవి ఒక్కొక్కప్పుడు లేని ఆజ్ఞను ఉన్నట్లే ధీమాగా చెప్పును. అందుచేత అధికారిక గ్రంథములో సరిచూచుకొనుట అవసరము. మొత్తము ప్రోగ్రామును దానిచేతనే వ్రాయించుకొన్న విద్యార్థి, నోట్సు వ్రాసికొని వచ్చిన మన యువకుని స్థితిలోనే ఉండును.

తెలుగు అక్షరముల సంగతి

మన గ్రామములకు చేయు ప్రోగ్రాము తెలుగులో కనబడవలెను. విండోసులో టికింటర్ కిటికీలు తెలుగును సాధారణముగా చక్కగానే చూపును. కొన్ని లినక్సు యంత్రములలో మాత్రము ఒత్తులు అక్షరముల క్రిందికి పోక పక్కకు విడిపోవును. అట్టిచోట నార్వే దేశమున పుట్టిన క్యూటీ గాని, గింప్ అను చిత్రరచనా సాధనమునకై పుట్టిన జీటీకే గాని వాడవలెను. ఇవి ఒత్తులను, గుణింతములను సరిగా కూర్చును. క్యూటీని పైథానుతో వాడుటకు పైసైడ్ అను వంతెన కలదు. అది కొంత బరువైన పనిముట్టు, రెండవ సంవత్సరమునకు ఉంచుకొనవచ్చును.

యంత్రము మరీ పాతదైనచో లాజరస్ అనునది యోచింపదగినది. ఇది పాస్కల్ భాషపై నడచు ఉచిత సాధనము. మీటలను మౌసుతో లాగి కిటికీలో అమర్చవచ్చును. ఉదాహరణములు దానితోనే వచ్చును. ఉద్యోగ దృష్టితో విండోసుకే వ్రాయదలచినవారికి మైక్రోసాఫ్టు వారి సీ షార్పు మార్గము కలదు.

ఇంకొక ముచ్చట. గడిలో ౭౫౦ అని తెలుగు అంకెలతో వ్రాసినను పైథాన్ దానిని 750గానే గ్రహించి లెక్క కట్టును. దీనిని చూచిన ఆ గ్రంథాలయపు పెద్దమనిషి ఎంతో సంతోషించెను. తెలుగు అంకెలు బడిలోనే మరచిపోయిన మేము మాత్రము కొంత సిగ్గుపడితిమి.

పంచాయతీ చేయదగినది

కార్యాలయపు యంత్రమును విద్యార్థులకు ఇవ్వరాదు. అందులో పౌరుల వివరములు, పన్నుల లెక్కలు ఉండును. నేర్చుకొనుటకు వేరొక యంత్రము కావలెను. 4 జీబీ జ్ఞాపకశక్తిగల పాత కంప్యూటరైనను టికింటరుకు చాలును. విండోస్ 10కి సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినందున అనేక కార్యాలయములలో యంత్రములు మారుచున్నవి. అట్లు తొలగించిన వానిని పారవేయక, అందలి సమాచారమును పూర్తిగా చెరిపివేయించి, లినక్సును స్థాపింపజేసి గ్రంథాలయమునకు మార్చుకొనవచ్చునా యని నిబంధనల ప్రకారము విచారింపవలెను.

వేళలను నిర్ణయించునపుడు ఆడపిల్లలకు పగటి వేళను కేటాయించుట మరువరాదు. రాత్రి ఎనిమిది గంటలకు తెరచు గ్రంథాలయము వారికి తెరచినట్లు కాదు.

పట్టణములో చేరబోవువారు సలహాకు వచ్చినచో ఒక్క ప్రశ్న అడుగుమని చెప్పవలెను. "మీ విద్యార్థి ఒకడు చేసిన కిటికీ ప్రోగ్రామును తెరచి, మా ఎదుట అందులో ఒక మీటను చేర్చి చూపుడు." పది నిమిషముల పని. చూపగలిగిన సంస్థకు రుసుము కట్టుటలో తప్పులేదు. మంచి ఉపాధ్యాయుని ఎదుట ఒక నెలలో తెలియునది ఒంటరిగా మూడు నెలలు పట్టవచ్చును. చూపలేనివారికి గేదెలను అమ్మి ఇవ్వనక్కరలేదు.

ఇంటి పన్ను లెక్క

ఆ యువకునికి మేము ఒక అభ్యాసమును సూచించితిమి. ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము వసూలగుట సభ్యులెరిగినదే. ఒక గడిలో పన్ను వ్రాసి మీటను నొక్కినచో సుంకము, మొత్తము కనబడవలెను. 750 రూపాయలకు సుంకము 60, మొత్తము 810. పేర్లు కల్పితములుగా నుండవలెననియు, ఇది అభ్యాసమే గాని పంచాయతీ లెక్కకు బదులు కాదనియు చెప్పితిమి.

మూడు వారముల పిదప సర్పంచిగారు ఫోను చేసిరి. యువకుడు ప్రోగ్రామును వ్రాసెనట. 750 అని వ్రాసి మీటను నొక్కగా 6000 పైసలు రావలసినచోట 750 అను అంకెయే ఎనిమిది మారులు వరుసగా తెరనిండ వచ్చెనట! చుట్టు చేరినవారందరు నవ్విరట. తప్పు చిన్నది. గడిలో వ్రాసినది యంత్రమునకు అంకె కాదు, అక్షరముల వరుస. దానిని అంకెగా మార్చి గుణింపవలెను, లేకున్నచో ఎనిమిది మారులు తిరిగి వ్రాయును. ఆ సంగతిని అతడు ఎవరిని అడుగక పైథాను గ్రంథములో వెదకి రెండు దినములలో కనుగొనెను. ఆరు మాసముల నోట్సులో ఈ మాట లేదట.

తరువాత అతడు పైథానుతోనే వచ్చు ఎస్‌క్యూలైట్ అను భాండారములో నలుబది ఇండ్ల జాబితాను దాచుట నేర్చుకొనెను. గడిలో అంకెకు బదులు మాట వ్రాసినపుడు ప్రోగ్రాము ఆగిపోక మర్యాదగా హెచ్చరించునట్లు చేసెను. ఇప్పుడు ఆదివారములలో పగటివేళ ఐదుగురు బాలికలకు తాబేలు పాఠములు చెప్పుచున్నాడు. మేము మరల పోయినపుడు యంత్రముపై గుడ్డ లేదు. దాని వెనుక గోడపై ఒక కాగితము అంటించియున్నది. కరెంటు ఎప్పుడు పోవునో తెలియదు గనుక ఐదు నిమిషములకొకసారి ఫైలును భద్రపరచవలెననియు, పెన్ డ్రైవును ఇంటికి తీసికొనిపోరాదనియు అందులో వ్రాసియున్నది. రెండవ నియమము క్రింద ఎవరో పెన్సిలుతో రెండు గీతలు గీసిరి.